తడిసిన కాపరులూ నా పెళ్ళీ

మనిషి కొంప ముంచడానికి పెద్ద అబద్ధాలేమీ అక్కర్లేదు. ఒక్క ‘అవునండీ’ చాలు. ఆ మాట నేను నోట్లో మలైకాజా పెట్టుకుని అన్నాను. దాని పుణ్యాన ఇంగ్లండులో ఇద్దరు ముసలాళ్ళు గొడుగు కోసం కొట్టుకుంటే గూడూరులో నా పెళ్ళి ఆగిపోయింది. వాకాడు తీరంలో పుట్టి పెరిగినవాణ్ణి, తుపాన్లు నాకు కొత్త కావు. కానీ ఏ తుపానులోనూ అంతగా తడవలేదు.

ముందు ఆ ముసలాళ్ళ సంగతి చెప్పాలి. ‘ద వెట్ షెపర్డ్స్’ అని ఒక ఇంగ్లీషు రాక్ బ్యాండు. మీరు విని ఉండరు. మీ తప్పేమీ లేదు, ఇంగ్లండులోనే సగంమంది వినలేదు, విన్నవాళ్ళలో సగంమంది చెవులు మూసుకున్నారు. ఎప్పుడూ వాన కురిసే ఒక ఊళ్ళో, చేపలు వేయించి అమ్మే అంగడి వెనక గదిలో నలుగురు కుర్రాళ్ళు మొదలుపెట్టారు. మొదటి కచేరీ ఒక బయలులో. పాట ఎత్తుకోగానే వాన వచ్చింది, జనం పరిగెత్తారు, పక్క పొలంలో గొర్రెలు మాత్రం నిలబడి విన్నాయి. ఆ గౌరవానికి గుర్తుగా వెట్ షెపర్డ్స్, అంటే తడిసిన కాపరులు, అని పేరు పెట్టుకున్నారు.

నేను కృష్ణపట్నం వైపు ఒక కరెంటు ప్లాంటులో బొగ్గు మోసుకుపోయే బెల్టు చూసుకునే ఉద్యోగంలో కొత్తగా చేరాను. రోజంతా ఆ బెల్టు చప్పుడు విన్నవాడికి ఏ సంగీతమైనా కమ్మగానే ఉంటుంది. కంపెనీ బస్సులో చెవుల్లో వీళ్ళ పాటలు, ఒంటిమీద వీళ్ళ నల్ల బనియను. బనియను మీద తడిసిన గొర్రె బొమ్మ. మా చర్చి సంఘంలోని ముసలమ్మలు ఆ గొర్రెను చూసి, ‘చూడు, ఎంత భక్తో బిడ్డకి’ అనుకునేవారు. నేను కాదనలేదు. ముప్పు అక్కడే మొదలైందని ఇప్పుడు తెలుస్తోంది.

“ఎవుర్రా వీళ్ళు, ఇట్టా అరస్తా ఉండారు?” అని మా అమ్మ ఒకసారి అడిగింది.

“కాపరులమ్మా. ఇంగ్లండు కాపరులు.”

మా ఇళ్ళల్లో కాపరి అంటే గొర్రెలు తోలేవాడు కాదు, పాస్టరుగారు. అమ్మ తల మీద చెంగు కప్పుకుని వెళ్ళిపోయింది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఖరీదు పెళ్ళిచూపుల్లో తెలిసింది.

అమ్మాయి పేరు కెజియా. గూడూరు బళ్ళో లెక్కల టీచరు. తండ్రి దేవసహాయం గారికి నిమ్మకాయల మండీ, పైగా అక్కడి సంఘానికి పెద్ద. కాయను బొటనవేలితో ఒకసారి నొక్కి రసం ఎంతుందో చెప్పేస్తారని గూడూరంతా అంటుంది. నన్నూ అలాగే చూశారు. కెజియాను నేను మాత్రం ఒక్క చూపే చూశాను, అదే సరిపోయింది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలి, లేకపోతే బొగ్గు బెల్టుతోనే కాపురం అని అక్కడే అనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అంతగా నచ్చింది.

“ఏం బాబూ, తీరిక వేళల్లో ఏం చేస్తావు?” అన్నారు దేవసహాయం గారు.

నేను నోరు తెరిచేలోగా మా అమ్మ అందుకుంది. “మావోడు ఆ సినిమా పాటలూ అయ్యీ వినడు అన్నా. ఎప్పుడు చూసినా ఇంగ్లండు కాపరుల పాటలే.”

“కాపరులా? ఏ సంఘం వాళ్ళు బాబూ?”

“సంఘం కాదండీ, బ్యాండు. ‘ద వెట్ షెపర్డ్స్’ అని రాక్ బ్యాండు” అన్నాను. ఇంతవరకు నేను నిప్పులాంటి మనిషిని, గమనించండి.

దేవసహాయం గారి ముఖం వెలిగిపోయింది. “రాక్ అంటే బండే గదా! బండ బ్యాండు! ఎంత బాగుండాది పేరు! మన బండ ప్రభువే గదా. ఆయన మీద కట్టుకోబట్టే గదా మనం కూలకుండా నిలబడుండాం. అదే గదా బాబూ వాళ్ళ భావం?”

సరిగ్గా అప్పుడే మా అమ్మ నా నోట్లో మలైకాజా కుక్కి ఉంది. కాదు అని చెప్పాలంటే చాలా మాటలు కావాలి. రాక్ అంటే ఏమిటో, అందులో బండ ఎందుకు లేదో, ఆ కేకలేమిటో అంతా విప్పాలి. అవును అనడానికి తల ఊపితే చాలు. అయినా మర్యాద కోసం మింగి మరీ అన్నాను.

“అవునండీ.”

“షెపర్డ్స్ అంటే కాపరులు సరే, ఆ వెట్ అనేది ఏంది?”

“తడిసిన అనండీ.”

ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. మా సంఘాల్లో బాప్తిస్మం అంటే నిలువునా నీళ్ళల్లో ముంచడమే, నాలుగు చుక్కలు చల్లితే లెక్కలోకి రాదు. “తడిసిన అంటే ముంచినోళ్ళేనా? లేక ఊరికే చిలకరించినోళ్ళా?”

“ముంచుడేనండీ. పూర్తిగా ముంచుడే.”

నోరా, వీపుకు దెబ్బలు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు. నా నోరు వీపుతో ఆగే రకం కాదు, పెళ్ళికే ఎసరు పెట్టింది. దేవసహాయం గారు లేచి వచ్చి నా భుజం తట్టారు. “వచ్చే ఆదివారం సాయంత్రం మా యవనస్తుల కూడికకి రా బాబూ. ఆ దైవజనుల జీవితం, సేవ, మొదట్నుంచీ చెప్పు. మా పిల్లకాయలు వినాల. ఆ తరవాత ప్రధానం సంగతి మాట్లాడుకుందాం.” ప్రధానం అంటే మావాళ్ళల్లో నిశ్చితార్థం.

తలుపు చాటున కెజియా చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. సిగ్గనుకున్నాను. ఎంత వెర్రివాణ్ణో చూడండి.

వారమంతా బెల్టు మీద బొగ్గు పోతోందో బియ్యం పోతోందో తెలియలేదు. నిజం చెబితే పిల్ల పోతుంది, అబద్ధం చెబితే ఆత్మ పోతుంది. చివరికి బస్సులో జ్ఞానోదయమైంది. అబద్ధం చెప్పను. ఉన్నదే చెబుతాను, కాకపోతే మా చర్చి తెలుగులో చెబుతాను. అనువాదం పాపం కాదు కదా!

ఆదివారం చర్చి నిండిపోయింది. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. ముందు వరసలో దేవసహాయం గారు, ఆయన తల్లి సువార్తమ్మ అవ్వ. దేవుడు నా మీద దయ తలచి ఇంగ్లీషు బాగా వచ్చిన పాస్టరుగారిని ఆ రోజు నెల్లూరు పంపించాడు. నేను మైకు పట్టుకుని, “వందనాలు” అని మొదలుపెట్టాను.

“ఆ నలుగురూ చేపల అంగట్లో ఉండగా పిలుపు వచ్చింది” అన్నాను. నిజమే, పక్కింటివాళ్ళు పోలీసులను పిలిచారు.

“చేపల దగ్గర్నించే పిలిచినాడా! స్తోత్రం!” అంది అవ్వ. చేపలు పట్టేవాళ్ళకే ప్రభువు మొదటి పిలుపు అని మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆ ఒక్క స్తోత్రంతో నాకు రెక్కలొచ్చాయి. “ఊరూరా తిరిగారు, వ్యాన్లోనే పడుకున్నారు, సత్రాల్లో, సారాయి అంగళ్ళలో కూడా గళమెత్తారు” అన్నాను. “పాపులుండే చోటికే పోయినారు!” అన్నారు దేవసహాయం గారు కళ్ళు తుడుచుకుంటూ. “వాళ్ళను చూసి జనం ఏడ్చేవారు, మూర్ఛపోయేవారు” అన్నాను. అది కూడా నిజమే, మొదటి వరసలో స్పీకరు పక్కన నిలబడితే మీరైనా పోతారు. నడుం దాకా జుట్టు ఎందుకని ఒకాయన అడిగితే, తల మీద కత్తెర పడనివ్వని మొక్కుబడి పాత రోజుల్లో ఉండేది కదండీ అన్నాను. ఉండేదని చెప్పాను గాని, వీళ్ళకు ఉందని చెప్పలేదు. చెరసాలలో కూడా పాడారన్నాను. ఊరి మధ్య ఫౌంటెన్లో బట్టల్లేకుండా స్నానం చేసినందుకు లోపల వేశారు, ఆ ముక్క అనువాదంలో జారిపోయింది.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి కెజియా లేచింది.

“నాదొక సందేహం. వాళ్ళు హోటలు కిటికీలోంచి టీవీ బయటికి విసిరేసినారంటారు, నిజమేనా?”

ఆ ప్రశ్న ఆ పిల్లకెలా వచ్చిందని అడగాల్సిన బుర్ర భయంతో ఎప్పుడో మంచు గడ్డ అయిపోయింది. “నిజమేనండీ. లోకాశలు ఇంట్లో ఉండకూడదని...”

చర్చి మొత్తం చప్పట్లు. సీరియళ్ళ పేరుతో ఇళ్ళల్లో అన్నం మాడిపోతున్న మగవాళ్ళు లేచి నిలబడి మరీ కొట్టారు.

“మరి ఆ పాడేటాయనా, గిటారు వాయించేటాయనా ఎందుకు విడిపోయినారు?” అంది కెజియా మళ్ళీ, ముఖం పలక మాదిరి పెట్టుకుని.

అదీ గొడుగు కథ. ఒక వాన రోజు కారు దాకా పోవడానికి ఉన్నది ఒకటే గొడుగు. పాటగాడు పట్టుకుపోయాడు, గిటారువాడు తడిశాడు. తడిసిన కాపరులని పేరు పెట్టుకున్నవాడు తడిసినందుకు అలగడమేమిటని మీరంటారు. నేనూ అదే అంటాను. కానీ అలిగాడు. చచ్చేదాకా ఒకే స్టేజీ మీదికి ఎక్కం అని ఇద్దరూ పత్రికలవాళ్ళ ముందు చెప్పేశారు. నా చిన్నప్పటి నుంచి ఆ మాట మీదే ఉన్నారు. దీన్ని అనువదించడానికి నా తెలుగు చాలలేదు. ఒకే గొడుగు దగ్గర విడిపోయారని ఉన్నదున్నట్టే చెప్పి, చివర ఒక ముక్క అతికించాను.

“తొలినాళ్ళ సేవకుల్లో కూడా ఇద్దరు ప్రయాణం మధ్యలో విడిపోయారు కదండీ. అలాంటిదే ఇదీ. మనం ప్రార్థన చేస్తే కలుస్తారు.”

“నేను చేస్తా నాయనా” అంది సువార్తమ్మ అవ్వ. “వాళ్ళ పేర్లు చెప్పు.” చెప్పాను. ఆవిడ నోటికి తిరగలేదు. “పోనీలే. గొడుగాయన, తడిసినాయన అంటా. దేవుడికి తెలీదా యేంది.”

అంతటితో ముగించి కూర్చుంటే ఈ కథ ఉండేది కాదు. దేవసహాయం గారు, “వాళ్ళ పాట ఒకటి వినిపించు బాబూ” అన్నారు.

“ఫోనులో చార్జింగు లేదండీ.”

“నా ఫోన్లో ఉండాది నాన్నా” అంది కెజియా.

లోకంలో ఇన్ని ఫోన్లుండగా గూడూరులో లెక్కల టీచరు ఫోనులో ఆ పాట ఎందుకుంది? ఆ మాట ఆలోచించేలోపే చర్చి స్పీకర్లు బద్దలయ్యాయి. పిల్ల ఏరి కోరి ఆ బ్యాండు పాటల్లోకెల్లా భీకరమైనది పెట్టింది. కిటికీల మీది పావురాలు లేచిపోయాయి. పాటగాడు గొంతు చించుకుని చెబుతున్నది ఇది: ‘బూట్లు తడిశాయి, బీరు అయిపోయింది, ఎవరైనా నన్ను ఇంటికి చేర్చండ్రా.’

“అర్థం చెప్పు బాబూ!” అని అరిచారు దేవసహాయం గారు ఆ హోరులో.

కళ్ళు మూసుకుని మైకులో చెప్పాను. “లోకమార్గమున నా పాదములు తడిసెను... నా పాత్ర వట్టిదాయెను... నన్ను నీ గృహమునకు చేర్చుము...”

అవ్వ ఏడ్చింది. ఆవిడ పక్కన కూర్చున్నవాళ్ళూ ఏడ్చారు. నిజం చెప్పాలంటే నాకూ కాస్త ఏడుపొచ్చింది, తెలుగులో అంత బాగుంది ఆ పాట.

“ఇప్పుడు బీరు అన్నాడు గదా?” అన్నారు దేవసహాయం గారు చెవి ఇటు తిప్పి.

“బేర్ అండీ. భారం మోయడం.”

“ఆ! మోయాల, మోయాల” అని తల ఊపారు. ఆడవాళ్ళ వైపు కెజియా తల పూర్తిగా ఒళ్ళో పెట్టేసుకుంది. భుజాలు కదులుతున్నాయి. భక్తి తట్టుకోలేక అనుకున్నాను. నాకిప్పటికీ నా మీద జాలేస్తుంది.

ప్రధానానికి రోజు చూస్తామన్నారు. పిల్ల లేదు ప్రధానం లేదు గాని నేను మాత్రం తోడల్లుళ్ళెవరా అని కూడా విచారించేసుకున్నాను. ఆ వారంలోనే ఒక పొద్దున కంపెనీ బస్సు గూడూరు చర్చి ముందు ఆగితే, లోపలున్నవాళ్ళంతా ఒక పక్కకి ఒరిగారు. నేనూ ఒరిగాను.

చర్చి గేటుకి ఇంటి గోడంత ఫ్లెక్సీ. పైన ఎర్ర అక్షరాల్లో ‘ఇంగ్లండు దైవజనులు తడిసిన కాపరుల ఐక్యత కొరకు ప్రత్యేక ప్రార్థనలు’. కింద ఒక మూల చేతులు జోడించి దేవసహాయం గారు. మధ్యలో ఫ్లెక్సీ అంగడివాడు తన ఇష్టం వచ్చినట్టు ఏరిన ఫోటో. పాటగాడు గడ్డం దాకా నాలుక చాపి ఉన్నాడు. గిటారువాడు గిటారును నేలకేసి కొడుతున్నాడు. డ్రమ్ములవాడు ఒక సీసా ఎత్తి గొంతులో పోసుకుంటున్నాడు, ఆయన ఒంటిమీద గొర్రె తోలు తప్ప ఇంకేమీ లేదు, ఆ తోలూ చిన్నదే. ఇంకొకాయన మొహం మాత్రం కనపడదు, వాంతి చేసుకుంటున్నాడు.

బస్సులోంచి ఒక ఇంజనీరు కిందికి దిగి, గేటు ముందు నిలబడి కళ్ళజోడు సర్దుకుంటున్న దేవసహాయం గారిని, “పెద్దాయనా, వీళ్ళకెందుకండీ ప్రార్థన, వీళ్ళు తాగి గంతులేసే రాక్ బ్యాండు కదా!” అన్నాడు. నేను సీటు కిందికి దూరబోయాను. అక్కడ పట్టలేదు.

సాయంత్రం మండీకి పిలిపించారు. నిమ్మకాయల గుట్టల మధ్య ఆయన, ఒక పక్క అవ్వ, ఒక పక్క కెజియా. నిలబెట్టి అడిగారు.

“ఎవరు వీళ్ళు?”

“రాక్ బ్యాండండీ.”

“బండ అన్నావే!”

“నేను అనలేదండీ. మీరన్నారు. నేను అవునన్నాను.”

“దైవజనులన్నావే!”

“అదీ మీరేనండీ. అందుకూ అవునన్నాను.”

“ముంచినోళ్ళు అన్నావా లేదా?”

“అది మాత్రం నేనే అన్నానండీ.” తల వంచుకున్నాను. “ఎందుకన్నానంటే, మీ అమ్మాయి నచ్చిందండీ. కాదంటే ఇంటికి పొమ్మంటారని భయపడ్డాను.”

ఆయన ఒక కాయ తీసి నొక్కి, పక్కన పారేశారు. ఆ కాయ నేనే అని అర్థమైంది. అప్పుడు కెజియా నోరు విప్పింది.

“నాన్నా, నాకు మొదటి రోజే తెలుసు. కాలేజీలో హాస్టలు పిల్లలం ఆ పాటలు విన్నోళ్ళమే.”

“తెలిసి చెప్పలేదా నువ్వు!”

“ఎంత దూరం పోతాడో చూద్దామనుకున్నా. గృహమునకు చేర్చుము దాకా పోతాడనుకోలా” అని ఇక ఆపుకోలేక నవ్వేసింది. నా గుండె మీద చల్లగా నిమ్మరసం పోసినట్టయింది.

తండ్రికి మాత్రం నవ్వు రాలేదు. పాపం, ఆయన చేతులు జోడించిన ఫోటో అప్పటికే మూడు మండలాల ఫోన్లలో తిరుగుతోంది. లేచి తీర్పు చెప్పారు. “ఆ ఇద్దరూ ప్రార్థన చేస్తే కలుస్తారని మైకులో చెప్పినావు గదా. కలిసిన రోజున రా. పెళ్ళి మాట మాట్లాడదాం.”

గాడిదకు కొమ్ములు మొలిచిన రోజున రా అన్నట్టే అది. ఆయనకు ఆ సంగతి తెలియకపోయినా నాకు తెలుసు, కెజియాకు తెలుసు. గొడుగువాడూ తడిసినవాడూ అప్పటికి ఒకరి పేరు ఒకరు పలకడం కూడా మానేశారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గాని, నా పెళ్ళి ఆ కందల మీదే ఆధారపడింది, నేను దురద పెట్టుకోక ఏం చేయను?

సువార్తమ్మ అవ్వ మాత్రం కర్ర నేలకేసి కొట్టింది. “ఒరే దేవసహాయం, తాగుబోతులైతే ప్రార్థన మానాల్నా? వాళ్ళకే గదరా ఎక్కువ చేయాల్సింది. తడిసినామని వాళ్ళే చెప్పుకుంటా ఉండారు. ఆరేదాకా చేస్తా నేను.”

చేసింది. ప్రతి ఆదివారం సంఘం మొత్తం వినేలా, ‘ప్రభువా, గొడుగాయన్నీ తడిసినాయన్నీ ఒకే గొడుగు కిందికి తీసుకురా’ అని. ఎండాకాలం పోయింది, వానలొచ్చాయి, తుపాను కూడా ఒకటొచ్చి పోయింది. ఫ్లెక్సీ మండీలో నిమ్మకాయల మీద కప్పారు. నేను కెజియాను చూడాలని ఆ పక్కకి వెళ్ళినప్పుడల్లా గుట్ట మీద నుంచి పాటగాడు నాలుక చాపి నన్ను వెక్కిరించేవాడు. నవ్వుతూ చెబుతున్నాను గాని, ఆ నెలల్లో అన్నం సయించలేదు. ఇంట్లో అమ్మ ఇంకో సంబంధం ఊసెత్తితే పళ్ళెం వదిలి లేచిపోయేవాణ్ణి.

ఒకరోజు బెల్టు దగ్గరుండగా కెజియా ఫోను చేసింది. “కలిసినారు” అంది. “ఎవరు?” అన్నాను. “గొడుగూ తడీ!” అని అరిచింది. ఫోను తెరిచి చూస్తే నిజమే. వానలో, స్టేజీ మీద, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ముసలాళ్ళిద్దరూ. పైన ఒకే గొడుగు! ఎందుకు కలిశారో వాళ్ళే చెప్పలేకపోయారు. పట్టాభిషేకం నాకే జరిగినట్టు బొగ్గు మసితోనే గూడూరు పరిగెత్తాను.

దేవసహాయం గారు ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూశారు. గుట్ట మీది ఫ్లెక్సీనీ చూశారు. తల్లినీ చూశారు. “మాటంటే మాటే” అన్నారు. పెళ్ళయింది. బ్యాండు మేళం మాత్రం వద్దన్నారు, ఆ మాట వింటేనే ఆయనకు దడ.

మా పెళ్ళయిన వారానికి ఇంగ్లండులో ముసలాళ్ళిద్దరూ మళ్ళీ కొట్టుకుని విడిపోయారు. ఈసారి గొడవ టోపీ కోసమట. నేను ఉండబట్టలేక అవ్వ దగ్గరికి పరిగెత్తాను.

“అవ్వా, ప్రార్థన మానేశావా?”

ఆవిడ వక్కాకు నములుతూ నన్నొక వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. “నీ పెళ్ళి అయిపోయె గదా అబ్బయ్యా. ఇంక వాళ్ళతో మనకేం పని?”

అయ్యా, అమ్మా, మీ అందరి ఎదుట గంభీరంగా ఒక ప్రతిజ్ఞ చేస్తున్నాను. మా సంఘంలో ఒట్లు పెట్టుకోవడం కుదరదు కాబట్టి ఒట్టి మాటగానే తీసుకోండి. ఇకమీదట అర్థమైనా కాకపోయినా, నోట్లో మలైకాజా ఉన్నా జీళ్ళున్నా, మర్యాద కోసం ‘అవునండీ’ అనను. కాదంటే కాదనే చెబుతాను. దీన్ని మొదటిసారి మొన్న ఆదివారమే అమల్లో పెట్టాను. మామగారు రొయ్యల పులుసు కలుపుకుంటూ, “మా కెజియా వంట మీ అమ్మ వంట కన్నా మేలు, అవునా బాబూ?” అన్నారు. గుండె రాయి చేసుకుని, “కాదండీ” అన్నాను.

అప్పటి నుంచి మా ఇంట్లో వంట నేనే చేస్తున్నాను.